ఏసీ లేని గది, డబ్బాలో వచ్చిన ఫ్యాను: ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ చేయడం ఎలా?

“వేరే కూలర్ కొనకుండా స్పీడు పెంచుకోవచ్చాండీ?” భీమవరం, కాకినాడ ఇంజినీరింగ్ కుర్రాళ్లూ అదే అడుగుతారు, పాలకొల్లులో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకునే స్టూడియోల వాళ్లూ అదే అడుగుతారు. పెంచుకోవచ్చు, కాస్త. కంపెనీ పెట్టిన వేగం కన్నా ఎక్కువ వేగంతో ప్రాసెసర్‌ని నడపడాన్నే ఓవర్‌క్లాక్ అంటారు. ఆ కాస్త ఎంతన్నది ప్రాసెసర్ కన్నా మీ గది ఎక్కువగా తేలుస్తుంది. యూట్యూబ్‌లో చూపించే సెట్టింగులు చాలావరకు ఏసీ గదిలో కూర్చుని పెట్టినవి. అవే అంకెలు మన దగ్గర సంక్రాంతికి చక్కగా నడుస్తాయి, రోహిణి కార్తె మధ్యాహ్నం మేడ మీద గదిలో చతికిలపడతాయి. అందుకే కింద చెప్పేదంతా మే నెల ఎండని లెక్కలో పెట్టుకునే చెబుతున్నాను.

మీ దాంట్లో కుదురుతుందా?

ఇంటెల్‌లో పేరు చివర ‘కె’ లేనివి వేగం పెంచే వీల్లేకుండా లాక్ చేసి వస్తాయి. మన బడ్జెట్‌లో ఎక్కువగా కనబడే ఐ3-12100, ఐ5-12400 ఆ బాపతే. వాటికి దుమ్ము దులుపుకుని, ర్యామ్ సరిచేసుకుని ఊరుకోవడమే. ఈమధ్య వచ్చే ‘కె’ రకాలకి డబ్బాలో కూలరే రాదు కాబట్టి వాటి సంగతి ఇక్కడ వద్దు.

ఏఎండీ రైజెన్ అయితే ప్రాసెసర్ చాలావరకు అన్‌లాక్ అయ్యే ఉంటుంది, అడ్డొచ్చేది మదర్‌బోర్డు. ఏ320, ఏ520 చిప్‌సెట్ బోర్డుల్లో ప్రాసెసర్ ఓవర్‌క్లాక్ ఉండదు. బీ350, బీ450, బీ550 ఉంటే ఉంటుంది. మీది ఏదో తెలియకపోతే సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రాం తెరిచి మెయిన్‌బోర్డ్ ట్యాబ్ చూడండి.

రైజెన్ 5 1600, 2600, రైజెన్ 3 3200జీ ఉన్నవాళ్లు కింద ‘పాతవాటికి’ అన్న దారిలో వెళ్లాలి. 3200జీ పేరులో 3 ఉన్నా లోపలిది 2600 తరం చిప్పే. రైజెన్ 5 5500, 5600, 5600జీ ఉన్నవాళ్లది ‘కొత్తవాటికి’ అన్న దారి. మధ్యలో రైజెన్ 5 3600 ఉంది. దానికి కర్వ్ ఆప్టిమైజర్ (కోర్లకి వెళ్లే వోల్టేజి తగ్గించే సెట్టింగు) లేదు. చేత్తో అన్ని కోర్లకీ ఒకే వేగం కట్టేస్తే, ఒక్క కోరు మీద నడిచే పనుల్లో అది సొంతంగా అందుకునే 4.2 గిగాహెర్ట్జ్ పోతుంది. స్టాక్ కూలర్‌తో, అంటే డబ్బాలో వచ్చినదాంతో, 3600ని దాని మానాన వదిలేయమనే చెబుతాను.

ఎంత లాభం? కొత్తవాటికి రెండు మూడు శాతం, మహా అయితే ఐదు. పాతవాటికి ఇంకాస్త ఎక్కువ. గ్రాఫిక్స్ కార్డే చిన్నదైతే గేముల్లో తేడా కనిపించదు. వీడియో ఎక్స్‌పోర్టులో కనిపిస్తుంది, కొత్తవాటికైతే వేడి తగ్గడం కూడా కనిపిస్తుంది. ఇక వారంటీ: ఓవర్‌క్లాక్ వల్ల జరిగిన నష్టానికి ఏఎండీ వారంటీ వర్తించదు. బయోస్‌లో (విండోస్ కన్నా ముందు తెరుచుకునే బోర్డు సెట్టింగుల స్క్రీన్) ఓవర్‌క్లాక్ మెనూ తెరవగానే వచ్చే హెచ్చరికలో ఉండేది అదే. అందరూ చదవకుండా యాక్సెప్ట్ కొట్టేస్తారు, మీరు ఒక్కసారి చదవండి.

కావలసినవి

• స్టార్ స్క్రూడ్రైవరు, మెత్తటి పెయింట్ బ్రష్షు, థర్మల్ పేస్ట్ ట్యూబు ఒకటి, తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్ (మందుల షాపులో దొరుకుతుంది), పాత కాటన్ గుడ్డ.
• గది వేడి చూసే థర్మామీటరు. రొయ్యల చెరువు నీళ్లలో ముంచి చూసేది ఇంట్లో ఉంటే అదే చాలు, తుడిచి గాల్లో వేలాడదీయండి.
• ప్రోగ్రాములు: హెచ్‌డబ్ల్యూఇన్ఫో (వేడి, వేగం చూపిస్తుంది), సినీబెంచ్ ఆర్23 (పని చేయించి స్కోరు ఇస్తుంది), ఓసీసీటీ, కోర్‌సైక్లర్ (సెట్టింగు నిలబడిందో లేదో పరీక్షిస్తాయి). అన్నీ ఉచితంగా దొరుకుతాయి.
• బయోస్ స్క్రీన్లు ఫొటో తీసుకోవడానికి ఫోను.
• యూపీఎస్ ఉంటే మేలు. బయోస్ అప్‌డేట్ చేయాల్సి వస్తే మాత్రం యూపీఎస్ తప్పనిసరి. గాలివాన పట్టిన సాయంత్రం ఆ పని పెట్టుకోకండి, మధ్యలో కరెంటు పోతే బోర్డు మళ్లీ లేవకపోవచ్చు.

అడుగు 1: కూలర్ని మొదటి రోజులా చేయండి

ఓవర్‌క్లాక్‌లో సగం పని ఇక్కడే ఉంది. రైజెన్ డబ్బాలో వచ్చే రైత్ స్టెల్త్ చిన్న అల్యూమినియం దిమ్మ. గాలిని పైనుంచి కిందికి కొడుతుంది. అందువల్ల ఒక మేలుంది: పక్కనున్న, ప్రాసెసర్‌కి వోల్టేజి అందించే వీఆర్ఎం భాగాలకి కూడా గాలి తగులుతుంది, చవక బోర్డుల్లో వాటి మీద హీట్‌సింక్ కూడా ఉండదు మరి. ఒక కీడూ ఉంది: దుమ్మంతా ఫ్యాను కిందే, అల్యూమినియం దిమ్మ రెక్కల మధ్యే ఇరుక్కుంటుంది. ఫ్యాను పైనుంచి చూస్తే శుభ్రంగానే ఉంటుంది. టార్చి వేసి రెక్కల సందుల్లోంచి కిందికి చూడండి. కొబ్బరి పీచు తీసే మిల్లుల దగ్గర ఇళ్లలో అక్కడ గోధుమరంగు పొర, రైసు మిల్లు పక్కనైతే తవుడు కలిసిన జిగట దుమ్ము, వరి కోతల నెలల్లో లైటుకి వచ్చి చచ్చిన పచ్చదోమ. మూడూ కలిసి కంబళి ముక్కలా పరుచుకుని ఉంటాయి. దాన్ని తీస్తేనే చాలామందికి ఐదారు డిగ్రీలు తగ్గుతుంది, ఏ సెట్టింగూ మార్చకుండా.

బ్రష్షుతో దులిపి, బ్లోయర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టుకోండి, లేకపోతే గాలికి గిర్రున తిరిగి బేరింగు పాడవుతుంది. పంక్చరు షాపు కంప్రెసరు దగ్గరికి మాత్రం తీసుకెళ్లకండి. మన ఉక్క గాలిలో ఆ ట్యాంకులో నీళ్లు చేరతాయి, పైపులోంచి తుంపర్లుగా వస్తాయి.

ఏడాది రెండేళ్లు దాటితే పేస్ట్ మార్చండి. ఇక్కడ జాగ్రత్త. ఈ ప్రాసెసర్ల పిన్నులు ప్రాసెసర్‌కే ఉంటాయి, సాకెట్‌కి కాదు. ఎండిపోయిన పేస్ట్ జిగురులా పట్టేసి, కూలర్ లాగితే ప్రాసెసర్ కూడా సాకెట్లోంచి ఊడొస్తుంది, పిన్నులు వంగుతాయి. కాబట్టి:

• ముందు కంప్యూటర్‌ని పది నిమిషాలు సినీబెంచ్‌తో వేడెక్కించి, ఆపేసి, కరెంటు తీగ పీకేసి, వెంటనే పని మొదలుపెట్టండి. వేడిగా ఉంటే పేస్ట్ మెత్తబడుతుంది.
• ఫ్యాను తీగ ఊడదీయండి. నాలుగు స్క్రూలూ ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం వదులు చేయండి. చివరి స్క్రూ ఊడగానే బోర్డు వెనకున్న ఇనుప పలక జారిపోవచ్చు, రెండో చేత్తో పట్టుకుని ఉండండి.
• కూలర్ని నేరుగా పైకి లాగొద్దు. అటూఇటూ కొద్దికొద్దిగా తిప్పండి, పట్టు వదిలాకే ఎత్తండి.
• పాత పేస్ట్ తుడిచి, మధ్యలో బఠాణీ గింజంత కొత్తది పెట్టండి. పూత పూయక్కర్లేదు, స్క్రూలు బిగించినప్పుడు పడే ఒత్తిడే పరుస్తుంది.
• బిగించేటప్పుడు కూడా ఎదురెదురు మూలలే. ఒక స్క్రూ పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళితే కూలర్ ఒరిగిపోతుంది.

పిన్ను వంగిందా? కంగారుపడి సాకెట్లోకి నొక్కకండి. పాత ఏటీఎం కార్డు అంచుతో వరసలోకి మెల్లగా తెచ్చుకోవచ్చు.

కేబినెట్ ముట్టుకుంటే సన్నగా జివ్వుమంటోందా? అది ఇంటి ఎర్తింగ్ సమస్య. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి అది చేయించుకున్నాకే మిగతాది.

అడుగు 2: ముందు లెక్క రాసుకోండి

ఏమీ మార్చకముందు కొలవాలి. బయోస్‌లో ‘లోడ్ ఆప్టిమైజ్డ్ డిఫాల్ట్స్’ కొట్టి మొదలుపెట్టండి. కేబినెట్ మూత వేసి ఉంచాలి, రోజూ ఎక్కడ పెడతారో అక్కడే ఉండాలి. కేబినెట్ దగ్గర థర్మామీటరు పెట్టండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి సినీబెంచ్ మల్టీ కోర్ పరీక్ష పది నిమిషాలు నడపండి. చివర్లో మూడు అంకెలు రాసుకోండి: గది వేడి, ప్రాసెసర్ వేడి, స్కోరు. సింగిల్ కోర్ స్కోరు కూడా ఒకసారి తీసిపెట్టుకోండి.

ప్రాసెసర్ వేడిలోంచి గది వేడి తీసేయండి. గది 27, ప్రాసెసర్ 73 అయితే మిగిలేది 46. ఇదే మీ అసలు అంకె. గది ఒక డిగ్రీ పెరిగితే ప్రాసెసర్ కూడా దాదాపు ఒక డిగ్రీ పెరుగుతుంది. కాబట్టి ఈ 46కి మే నెల గది వేడి కలపండి. కొబ్బరి తోటలో పెంకుటిల్లయితే 35, మేడ మీద గదికి 38, రేకుల కిందైతే 40 పైనే వేసుకోండి. 46కి 38 కలిపితే 84.

5600కి కంపెనీ చెప్పిన గరిష్ఠ వేడి 90 డిగ్రీలు. 2600, 3200జీ, 5600జీలకి 95. అక్కడికి చేరాక చిప్పు తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. నేను అన్నిటికీ 85 దగ్గర గీత గీస్తాను. పై ఉదాహరణలో ఒక్క డిగ్రీ మిగిలింది. అంటే ఇక వేడి పెంచే పని ఏదీ చేయకూడదు, వోల్టేజి తగ్గించే దారే పట్టాలి.

మీ లెక్క ఇప్పటికే 85 దాటిందా? కేబినెట్ పక్క మూత తీసి అదే పరీక్ష మళ్లీ నడపండి. ఐదు డిగ్రీలకి మించి తగ్గితే తప్పు కూలర్‌ది కాదు, కేబినెట్‌ది. ముందు అద్దం, వెనక గోడ, పైన టేబుల్ అర ఉంటే గాలి ఎక్కడ ఆడుతుంది? వెనక ఒక ఫ్యాను, ముందు ఒక ఫ్యాను వేసుకోండి. మూత తీసేసి వాడుకుందామంటే బల్లులు దూరతాయి, పల్లెల్లో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు.

అడుగు 3: ఫ్యాను వేగం

బయోస్‌లో ఫ్యాన్ కర్వ్ (ఎంత వేడికి ఫ్యాను ఎంత వేగంగా తిరగాలో చెప్పే గీత) తెరవండి. 50 డిగ్రీల దాకా నెమ్మదిగా, 75కి నూరు శాతం చేరేలా పెట్టండి. కూత పెడుతుంది. సీలింగ్ ఫ్యాను చప్పుడులో పెద్దగా తెలియదు.

అడుగు 4: ర్యామ్

ప్రాసెసర్ జోలికి వెళ్లేముందే ఇది తేల్చేయాలి. ర్యామ్‌ని దాని మీద రాసిన వేగానికి తెచ్చే సెట్టింగు బయోస్‌లో ఎక్స్ఎంపీ, కొన్ని బోర్డుల్లో డీఓసీపీ అని ఉంటుంది, ఆన్ చేయండి. 3200 అని కొన్న ర్యామ్ చాలామంది ఇళ్లలో 2400కో 2666కో నడుస్తూ ఉంటుంది. ఒకటే స్టిక్ ఉంటే అలాంటిదే ఇంకొకటి కొని, నాలుగు స్లాట్ల బోర్డులో ప్రాసెసర్ వైపు నుంచి రెండో దాంట్లో, నాలుగో దాంట్లో వేయండి. 3200జీ, 5600జీ వాళ్లకి నా మాట: ఓవర్‌క్లాక్ తర్వాత, ముందు రెండో స్టిక్. వాటి గ్రాఫిక్స్ ర్యామ్ మీదే బతుకుతుంది, ఇంకే సెట్టింగూ అంత తేడా ఇవ్వదు.

ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86 ఒక రాత్రి నడపండి. ఒక్క ఎర్రర్ వచ్చినా ర్యామ్ వేగం ఒక మెట్టు తగ్గించండి. ర్యామ్, ప్రాసెసర్ రెండూ ఒకేసారి మార్చేస్తే తర్వాత దేనివల్ల ఆగిపోతోందో పట్టుకోవడం బ్రహ్మతరం కాదు.

అడుగు 5: కొత్తవాటికి (5500, 5600, 5600జీ)

వీటిలో వేగం చేత్తో కట్టొద్దు. వోల్టేజి తగ్గిస్తే, అదే వేడిలో చిప్పే ఇంకాస్త పరిగెడుతుంది. బయోస్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఏఎండీ ఓవర్‌క్లాకింగ్, దాంట్లో ప్రెసిషన్ బూస్ట్ ఓవర్‌డ్రైవ్ (పీబీఓ). దాన్ని ‘అడ్వాన్స్‌డ్’ చేయండి. అప్పుడు కింద మరికొన్ని తెరుచుకుంటాయి.

• పీబీఓ లిమిట్స్: ఇక్కడ ‘మదర్‌బోర్డ్’ అని పెట్టేయడం అందరూ చేసే తప్పు. అది కరెంటు హద్దులు ఎత్తేస్తుంది, పెద్ద కూలర్ ఉన్నవాళ్ల కోసం ఉన్నది. మాన్యువల్ పెట్టి, 5600కి పీపీటీ 76 (వాట్లు), టీడీసీ 60, ఈడీసీ 90 (ఈ రెండూ ఆంపియర్లు) ఇవ్వండి. ఇవి దాని సొంత హద్దులే. మిగతావాటికి ‘డిసేబుల్డ్’ అని వదిలేస్తే వాటి హద్దులు వాటికే ఉంటాయి.
• ప్లాట్‌ఫామ్ థర్మల్ థ్రాటిల్ లిమిట్: మాన్యువల్, 85. మీరు గీసిన గీతని చిప్పుకే అప్పజెప్పడం అన్నమాట. ఎండాకాలంలో మిమ్మల్ని కాపాడేది ఇదే.
• కర్వ్ ఆప్టిమైజర్: ఆల్ కోర్స్, సైన్ నెగటివ్, మాగ్నిట్యూడ్ 10. ఒక్కో అంకెకి సుమారు 3 నుంచి 5 మిల్లీవోల్టులు తగ్గుతుంది.
• మ్యాక్స్ సీపీయూ బూస్ట్ ఓవర్‌రైడ్ (పైవేగం హద్దు పెంచేది): 0. చివర్లో కావాలంటే 50 మెగాహెర్ట్జ్ పెట్టి చూడండి. 200 దాకా ఉంది కదా అని పెట్టేయకండి.

సేవ్ చేసి సినీబెంచ్ నడపండి. వేడి తగ్గిందో, స్కోరు పెరిగిందో, రెండూనో కనిపించాలి. బాగుంటే 15, తర్వాత 20. చాలా చిప్పులు 15–20 దగ్గర హాయిగా ఉంటాయి. కొన్ని 30 కూడా తట్టుకుంటాయి, మీది తట్టుకోకపోతే అది దాని లోపం కాదు.

సైన్ దగ్గర ఒకటికి రెండుసార్లు చూడండి. పాజిటివ్ ఉండిపోతే వోల్టేజి పెరిగి అంతా తలకిందులవుతుంది.

అడుగు 6: పాతవాటికి (1600, 2600, 3200జీ)

ఇక్కడ సీపీయూ రేషియో, వోల్టేజి రెండూ చేత్తో ఇవ్వాలి. రేషియో 37.00 అంటే 3.7 గిగాహెర్ట్జ్. 2600కి 3.7 దగ్గర 1.20 వోల్టులతో మొదలుపెట్టండి. 1600కి 3.5, అదే వోల్టేజి. 3200జీకి 3.8, 1.25. లోడ్‌లైన్ క్యాలిబ్రేషన్ (పని పెరిగినప్పుడు వోల్టేజి పడిపోకుండా చూసేది) ఉంటే మధ్యస్థంగా పెట్టండి, గరిష్ఠం వద్దు.

రేషియో మాత్రం పెంచి, వోల్టేజిని ఆటోలో వదిలేస్తే చాలా బోర్డులు అవసరానికి మించి వోల్టేజి ఎక్కించేస్తాయి. స్టాక్ కూలర్ వాళ్ల కొంప ముంచేది ఇదే. ఇంకోటి, 1.25 కొట్టబోయి 1.52 కొట్టడం. ఎంటర్ నొక్కేముందు గట్టిగా పైకి చదవండి.

ఒకసారి సినీబెంచ్ పూర్తయితే 50 మెగాహెర్ట్జ్ పెంచండి. మధ్యలో ఆగిపోతే 0.0125 వోల్టు పెంచి మళ్లీ చూడండి. రెండింట్లో ఏది ముందొస్తే అక్కడ ఆపాలి: వోల్టేజి 1.30 చేరడం, లేదా అడుగు 2 లెక్క 85 చేరడం. మన వాతావరణంలో రెండోదే ముందొస్తుంది. 2600 మీద 3.8 చేరితే తృప్తిపడండి, 3.9 బోనస్. నెట్‌లో ఎవరో 4.1 అన్నారంటే వాళ్ల కూలర్ వేరు.

కంప్యూటర్ అసలు లేవకపోతే భయపడక్కర్లేదు. రెండు మూడు సార్లు తనే ప్రయత్నించి బోర్డు డిఫాల్ట్‌కి వస్తుంది. రాకపోతే కరెంటు తీగ పీకి, బోర్డు మీదున్న సీఆర్2032 బిళ్ల బ్యాటరీ ఐదు నిమిషాలు తీసి పెట్టండి.

అడుగు 7: నిలబడిందా లేదా తేల్చడం

సినీబెంచ్ ఒకసారి పాసైతే అయిపోయిందనుకుంటారు. అది తొలి మెట్టు మాత్రమే.

ఓసీసీటీ ఒక గంట నడపండి. ప్రైమ్95లోని స్మాల్ ఎఫ్ఎఫ్‌టీ అనే పరీక్ష ఈ కూలర్ మీద వద్దు, రోజువారీ పనిలో ఎప్పుడూ రాని వేడి పుట్టిస్తుంది. కర్వ్ ఆప్టిమైజర్ పెట్టినవాళ్లు కోర్‌సైక్లర్ రాత్రంతా వదలాలి. ఎందుకంటే వోల్టేజి తగ్గించిన చిప్పు భారీ పనిలో బాగానే ఉంటుంది, ఊరికే ఉన్నప్పుడు, బ్రౌజర్ తెరిచినప్పుడు, ఒక్క కోరు పైవేగం అందుకోబోయినప్పుడు దభీమని రీస్టార్ట్ అవుతుంది. కోర్‌సైక్లర్ ఏ కోరు దగ్గర తప్పు వచ్చిందో చెబుతుంది. ఆల్ కోర్స్ బదులు పర్ కోర్ ఎంచుకుని, ఆ ఒక్కదానికి మాగ్నిట్యూడ్ 5 తగ్గించండి (20 ఉంటే 15). తరచుగా తప్పేది చిప్పులోని మేలైన కోరే, దాని వోల్టేజి ముందే తక్కువ కాబట్టి.

తర్వాత హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో రెండు చోట్ల చూడండి. అట్టడుగున విండోస్ హార్డ్‌వేర్ ఎర్రర్స్ అనే లెక్క సున్నా ఉండాలి. కంప్యూటర్ ఆగకపోయినా అక్కడ ఒకటి కనిపించిందంటే సెట్టింగు పచ్చిదే. రెండోది ఎఫెక్టివ్ క్లాక్, అంటే చిప్పు నిజంగా నడుస్తున్న వేగం. మామూలు క్లాక్ 4.45 చూపిస్తూ, పూర్తి పనిలో ఎఫెక్టివ్ క్లాక్ 4.2 దగ్గర ఉంటే చిప్పు వోల్టేజి చాలక లోపల మెల్లగా నడుస్తోంది. అంకె పెరిగినట్టు కనిపించి స్కోరు తగ్గేది ఇందుకే. మీరు నమ్మాల్సింది స్కోరుని.

చివరగా మీ సొంత పని. స్టూడియో వాళ్లు పాత పెళ్లి ప్రాజెక్టు ఒకటి మొత్తం ఎక్స్‌పోర్ట్ చేసి, ముందు పట్టిన సమయంతో పోల్చండి. పెళ్లిళ్ల సీజన్ మధ్యలో ఈ ప్రయోగాలు మాత్రం వద్దు, ఆల్బమ్ అడిగేవాళ్లకి బ్లూ స్క్రీన్ కథ చెప్పలేరు.

రీస్టార్ట్ అయింది, తప్పెవరిది?

ఆక్వా చెరువులున్న ఊళ్లలో, సాయంత్రం మోటార్లన్నీ ఎక్కాక వోల్టేజి ఊగుతూ ఉంటే కంప్యూటర్ రీస్టార్ట్ అవుతుంది. ఇన్వర్టర్ మారే క్షణంలో కూడా అవుతుంది. విండోస్‌లో ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే కెర్నల్-పవర్ 41 కనిపిస్తుంది. అది చూసి ఓవర్‌క్లాక్ తప్పనుకోకండి, ఒప్పనీ అనుకోకండి. సరిగ్గా ఆగకుండా పోయిందని మాత్రమే దానర్థం. పక్కనే డబ్ల్యూహెచ్ఈఏ-లాగర్ (హార్డ్‌వేర్ తప్పులు రాసిపెట్టేది) ఎర్రర్ ఉంటే ప్రాసెసర్ని అనుమానించాలి. అది లేకుండా, అదే నిమిషంలో ఇంట్లో ట్యూబులైటు కూడా మిణుకుమంటే కరెంటుదే.

మే నెల వచ్చాక

ఒకసారి మధ్యాహ్నం రెండు మూడు గంటల మధ్య పది నిమిషాల సినీబెంచ్ మళ్లీ నడపండి. లెక్క ప్రకారం 84 రావాల్సింది 85 దగ్గర ఆగి స్కోరు కొంచెం పడితే ఫర్వాలేదు, మీరు పెట్టిన హద్దు పని చేస్తోంది. గది వేడి తీసేశాక మిగిలే అంకె జనవరిలో కన్నా నాలుగైదు పెరిగిందంటే దుమ్ము చేరింది, అడుగు 1కి వెళ్లండి. పాతవాటికి బయోస్‌లో రెండు ప్రొఫైల్స్ సేవ్ చేసుకోవచ్చు: చలికాలానికి 3.8, ఎండాకాలానికి 3.7, తక్కువ వోల్టేజితో. ఎంత చేసినా వేడి లొంగకపోతే, పాత 1600, 2600ఎక్స్‌లతో వచ్చిన రైత్ స్పైర్ కూలర్ సెకండ్ హ్యాండ్‌లో వెతకండి. స్టెల్త్ కన్నా ఎత్తుగా ఉంటుంది, అవే నాలుగు స్క్రూ రంధ్రాల్లో కూర్చుంటుంది.

బయోస్ అప్‌డేట్ చేస్తే ఈ సెట్టింగులన్నీ చెరిగిపోతాయి, పాత వెర్షన్‌లో సేవ్ చేసిన ప్రొఫైల్ కొత్తదాంట్లో తెరుచుకోకపోవచ్చు. ఫోన్లో తీసుకున్న ఫొటోలు అప్పుడు పనికొస్తాయి. చూసి మళ్లీ ఎక్కించాక కోర్‌సైక్లర్ ఇంకో రాత్రి నడపండి.